ఇంతకంటె లోతున లేదు: గురుత్వాకర్షణ సర్వేక్షణము, ఖనిజముల లోతు

ఈ ఉపన్యాసనిధి ఎవరి స్మృత్యర్థమై ఏర్పడినదో ఆ మహనీయుని గుణగణములను, నేను చెప్పగలిగినదానికంటె ఎంతయో సన్నిహితమైన పరిచయముతో, అధ్యక్షులవారు ఇప్పుడే సెలవిచ్చి యున్నారు గనుక నేను పునరుక్తికి పూనుకొనను. శాస్త్రవిషయమును తెలుగున చెప్పవలెననియు, చెప్పునప్పుడు లెక్కను దాచరాదనియు ఆయన పలుమారు అనుచుండెడివారని నిర్వాహకులు నాకు వ్రాసిరి. ఆ రెండవ నిబంధనయే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. లెక్క లేని శాస్త్రప్రసంగము కాలక్షేపమునకు పనికివచ్చును గాని గనికి త్రోవ చూపదు. కావున ఈ సాయంకాలము అంకెలు కొన్ని దొర్లును, శ్రోతలు ఓర్చుకొందురుగాక.

భూమిని త్రవ్వక, బోరు వేయక, పైనుండియే ఆకర్షణబలమును కొలిచి, లోపల బరువైన ఖనిజము ఉన్నదో లేదో, ఉన్నచో ఎంత లోతున ఉన్నదో చెప్పజూచు విద్యను గూర్చి మాటలాడ దలచితిని. బోరు వేయించుకొను రైతు, నీటి జాడ చెప్పువానిని మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఎన్ని అడుగులు?’ అనునదే. గని యజమాని భూభౌతిక శాస్త్రజ్ఞుని అడుగు ప్రశ్నయు అదియే. ఏలయనగా బోరింగు యంత్రమునకు కూలి మీటరు లెక్కన చెల్లింపవలసి యుండును. ఆ ప్రశ్నకు గురుత్వాకర్షణ సర్వేక్షణము ఇయ్యగల నిక్కమైన సమాధానము ‘ఇంత లోతున ఉన్నది’ అనునది కాదు, ‘ఇంతకంటె లోతున లేదు’ అనునది. ఈ రెండు వాక్యములకు గల భేదమును మరచి వేసిన వ్యర్థపు బోరులు లోకమున కొల్లలుగా ఉన్నవి. ఆ భేదమే నేటి నా ప్రసంగవిషయము.

ఆకర్షణబలము భూమిపై అంతటను ఒక్కతీరున ఉండదని మొదట చాటినది ఒక గడియారము. 1672లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్ రిషే దక్షిణ అమెరికాలోని కయెన్ రేవునకు కొనిపోయిన లోలకపు గడియారము, పారిసులో సరిగా నడచినదే, అక్కడ దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడెను. భూమి మధ్యరేఖ కడ ఉబ్బియున్నదనుటకు న్యూటను దానిని సాక్ష్యముగ గైకొనెను. ఆ పిమ్మట 1735లో పెరూ దేశమునకు బయలుదేరిన ఫ్రెంచి బృందములోని పియేర్ బూగేర్, చింబొరాజో పర్వతపు ప్రక్కన లంబసూత్రము కొండవైపునకు ఎంత ఒరుగునో కొలువ యత్నించి, లెక్కకు రావలసినంత ఒరుగుట లేదని కనుగొని విస్మితుడయ్యెను. కొండ లోపల బోలుగా నుండునేమో అను ఊహ కూడ ఆయనకు కలిగినది. కంటికి కనబడు రాతికిని, కంటికి కనబడని లోపలి నిజమునకును నడుమ తగవు పుట్టుట అదియే మొదలు.

అదే తగవు నూరేండ్ల తరువాత మన దేశమున మరింత పెద్దదై తలయెత్తినది. 1802లో మద్రాసు దాపున లాంబ్టను ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన మహాత్రికోణమితి సర్వే, దాని తరువాతి అధిపతియైన ఎవరెస్టు కాలమునకు హిమాలయముల పాదప్రదేశమును చేరినది. ముజఫర్‌నగర్ దాపునగల కలియానాకును, మాళవమున సిరోంజ్ దాపునగల కలియాన్‌పూరునకును నడుమ అక్షాంశభేదమును నేలపై గొలుసులతో, కోణములతో కొలిచిన విలువ ఒకటి. నక్షత్రములను చూచి తేల్చిన విలువ మరొకటి. రెంటికిని భేదము 5.236 వికలలు, అనగా నేలపై కొలిచినచో నూట అరువది మీటర్ల చిల్లర. ఇది కొలతలోని తప్పు అని ఎవరెస్టు భావించెను. కలకత్తాలో ఆర్చిడీకనుగా నుండిన జాన్ హెన్రీ ప్రాట్ అను క్రైస్తవాచార్యుడు మాత్రము, హిమాలయములు లంబసూత్రమును తమవైపునకు లాగుటవలన ఈ భేదము కలిగినదేమో అని సందేహించి, ఆ పర్వతరాశి అంతటి ఆకర్షణను ఓపికతో గుణించి చూచెను. ఆయనకు వచ్చిన విలువ 15.885 వికలలు. హిమాలయము లాగుచున్నదన్నమాట నిజమే. కాని లాగవలసినదానిలో మూడవవంతే లాగుచున్నది! ఈ లెక్క 1855లో ప్రకటితమైన కొలది కాలమునకే ఆంగ్ల రాజఖగోళజ్ఞుడు ఏరీ దీనికి సమాధానము చెప్పెను: కొండల క్రింద తేలికైన శిల వ్రేళ్లవలె లోతునకు దిగియున్నది, అది అక్కడ ఉండవలసిన బరువైన పదార్థమును త్రోసివేసినది, పైనున్న ఆధిక్యమును క్రిందనున్న లోపము చాలవరకు పూరించుచున్నది. ప్రాట్ మరికొన్నాళ్లకు వేరొక సమాధానము చెప్పెను: వ్రేళ్లు లేవు, అంతటను అడుగు ఒకే మట్టమున నున్నది, ఎత్తైన చోట్ల శిలయే పలుచని సాంద్రత గలది. శ్రోతలు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను: ఒకే కొలతకు ఇద్దరు బుద్ధిమంతులు రెండు భిన్నమైన లోతులు చెప్పిరి, లెక్క ఇద్దరికిని కుదిరినది.

భారత సర్వే శాఖవారు 1865 మొదలు లోలకములను మోసికొని దేశమంతట ఆకర్షణబలమును కొలిపించిరి. ఆ పనిని చేసిన కెప్టెన్ బసేవి 1871లో లడఖ్‌లోని మోరే మైదానమున, పదునైదు వేల అడుగులకు పైబడిన ఎత్తున, పరిశీలనలు జరిపి, ఆ యాత్రలోనే మరణించెను. లోలకమును ఒక్కొక్కచోట దినములకొలది ఊపి లెక్కింపవలసి యుండుటచే, ఆ పద్ధతి దేశములను తూచుటకు సరిపోయినది గాని గనులను వెదకుటకు సరిపోలేదు. గనుల వెదకులాటకు పనికివచ్చు సూక్ష్మతను మొదట సాధించినవాడు హంగెరీ దేశపు ఈట్‌వశ్. ఆయన 1901లో బాలటోన్ సరస్సు గడ్డకట్టినపుడు మంచుపై తన మెలితీగ తులాయంత్రమును నిలిపి కొలతలు తీసెను. ఆ యంత్రముతోనే అమెరికాలోని టెక్సస్ తీరమున 1924లో నాష్ అను ఉప్పుదిబ్బను, తరువాత దాని ప్రక్కన చమురును పట్టిరి. తరువాతి పెద్ద అడుగు ఒక విద్యార్థిది. 1932లో టెక్సస్ విశ్వవిద్యాలయమున ఆచార్య రోంబర్గ్ పాఠముగా ఇచ్చిన ఒక సమస్యను విడదీయుచు, ల్యూసియన్ లకోస్ట్ అను శిష్యుడు, బలము లేనపుడు పొడవే సున్న యగునట్లు ప్రవర్తించు తీగచుట్టను కల్పించెను. నేడు ఒక చేత ఎత్తుకొని నడువదగిన గ్రావిమీటరు అను ఆకర్షణమాపకము ఆ ఊహకు ఫలము.

ఇక కొలతల ప్రమాణము. గెలీలియో పేరిట ‘గాల్’ అనునది ఆకర్షణత్వరణమునకు ప్రమాణము; భూమి ఆకర్షణ సుమారు 980 గాల్‌లు. దానిలో వెయ్యవవంతు మిల్లిగాల్, అనగా మొత్తపు ఆకర్షణలో దాదాపు పదిలక్షలవ వంతు. మంచి గ్రావిమీటరు మిల్లిగాల్‌లో నూరవవంతును, అనగా పదికోట్లలో ఒకవంతును గుర్తించును. ఇంతటి సూక్ష్మయంత్రమును ఎండలో, గాలిలో, పశువుల నడుమ, పంటచేల గట్లపై నిలిపి పనిచేయించుట ఎట్టిదో ఒకసారి దగ్గరగ చూతము.

ఉదయము ఎండ ముదురక మునుపు, గుడి మెట్టుపైనో బడి అరుగుపైనో గట్టిగా కదలని చోట మూలస్థానము నేర్పరచి, అచ్చట మొదటి కొలత తీయుదురు. మూడుకాళ్ల పళ్లెమును నేలలో అదిమి, దానిపై పెట్టెను నిలిపి, రెండు నీటిబుడగలు నడుమకు వచ్చునట్లు మరలను త్రిప్పి, కొంతసేపు ఊపిరి బిగబట్టి చూచి, అంకెను పుస్తకమున వ్రాయుదురు. ఎండ తగులకుండ ఒకడు గొడుగు పట్టును. దూరమున లారీ పోయినచో అది కనుమరుగగు వరకు ఊరకుండవలెను. తరువాత ఇరువది మీటర్లకో ఏబది మీటర్లకో ఒకచోట అదే క్రియ. గంట రెండుగంటల కొకసారి మరల మూలస్థానమునకు వచ్చి కొలువవలెను. ఏలయనగా లోపలి తీగచుట్ట తనంతట తాను మెల్లగ సాగుచుండును, ఆకాశమున చంద్రసూర్యులు జరుగుచుండుటచే ఆకర్షణయే దినములో 0.3 మిల్లిగాల్ వరకు మారుచుండును. సముద్రమును పొంగించు చంద్రుడు మన గ్రావిమీటరును మాత్రము విడిచిపెట్టునా?

అంతకంటె శ్రమతో కూడినది ఎత్తును కొలుచుట. ఒక్క మీటరు పైకి పోయినచో భూకేంద్రమునకు దూరమగుటచే 0.3086 మిల్లిగాల్ తగ్గును. కాళ్లక్రింద ఒక మీటరు రాయి అదనముగ చేరుటచే 0.112 పెరుగును, వెరసి మీటరునకు దాదాపు 0.2 మిల్లిగాల్ తేడా. అనగా లెవెలు పెట్టువాడు పది సెంటీమీటర్లు పొరబడినచో 0.02 మిల్లిగాల్ పొరబాటు వచ్చి పడును. మన అక్షాంశములయందు కిలోమీటరు ఉత్తరమునకు పోయినచో సుమారు 0.45 మిల్లిగాల్ పెరుగును. దగ్గరలో గుట్ట ఉన్నచో అది పైకి లాగి ఆకర్షణను తగ్గించును. వంక ఉన్నచో అచ్చట లాగవలసిన రాయి లేక ఆకర్షణ తగ్గును. కనుక గుట్టకైనను గోతికైనను సవరణ కూడికయే గాని తీసివేత కాదు. విద్యార్థులు పరీక్షలలో తరచుగ తప్పిపోవు స్థలమిది. ఈ సవరణలన్నియు ముగిసిన తరువాత, ఉండవలసిన విలువకును ఉన్న విలువకును నడుమ మిగిలిన శేషమునకే బూగేర్ అసంగతి అని పేరు. లోతును గూర్చి చెప్పునదంతయు ఆ శేషమే.

ఇప్పుడు ఒక లెక్క వేయుదము. కడప సీమలో రాజంపేట ప్రాంతముననున్న మంగంపేట ముగ్గురాయి గనులను వినని ఆంధ్రుడుండడు. ప్రపంచములోని అతిపెద్ద బెరైటీసు నిక్షేపములలో అది ఒకటి. శుద్ధమైన బెరైటు సాంద్రత 4.5, చమురు బావుల బురదలో కలుపు రకమునకు 4.2 ఉండవలెనని చిరకాలము నియమముగ నుండెను. మంగంపేట ముగ్గురాయిని చుట్టియున్న పుల్లంపేట పలకరాయి సాంద్రతను 2.7 అనుకొందము. ముగ్గురాయి సాంద్రతను 4.2గా తీసికొన్నచో రెంటికిని భేదము 1.5. చేత ఒక ముగ్గురాతి ముక్కను, పలకరాతి ముక్కను పట్టుకొని చూచినచో భేదము ఏ యంత్రము లేకయే తెలియును. మంగంపేట నిక్షేపము పరుపులుగ ఉన్నదే గాని గుండ్రముగ లేదు. అయినను లెక్క సులభమగుటకై, ఇట్టి ముగ్గురాయి 50 మీటర్ల వ్యాసార్ధము గల గోళముగ, దాని కేంద్రము 100 మీటర్ల లోతున, పైకొస 50 మీటర్ల లోతున ఎక్కడనో ఉన్నదని భావింతము. సరిగా దాని నడినెత్తిన అసంగతి 0.52 మిల్లిగాల్ వచ్చును. ప్రక్కకు 77 మీటర్లు నడచినచో అది సగమునకు, 0.26కు దిగును. అదే గోళమును 200 మీటర్ల లోతునకు దింపినచో నడినెత్తిన 0.13 మాత్రమే, సగమునకు దిగుటకు 153 మీటర్లు నడువవలెను. 400 మీటర్ల లోతునకు దింపినచో 0.033. ఎత్తును కొలుచుటలో జానెడైనను లేని పొరబాటు దానిని మింగివేయును.

లోతు పెరిగినకొలది అసంగతి పలుచనై వెడల్పగుననునదే లోతును చెప్పు సూత్రములన్నిటికిని మూలము. తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకు ఆనించి పట్టినపుడు కిరీటపు చెక్కడము, చేతి కడియములు తేటగ కనబడును. ఆటగాడు దానిని దీపమువైపునకు వెనుకకు లాగినకొలది నీడ పెద్దదై, వెలవెలబోయి, అంచులు చెదరును. మన తెర భూతలము; బొమ్మ ఖనిజము. అసంగతి సగమునకు దిగిన దూరమును 1.305 చేత గుణించినచో గోళకేంద్రపు లోతు వచ్చును. పొడవుగ అడ్డముగ పడియున్న స్తంభాకారమైనచో ఆ దూరమే లోతు. మన గోళమునకు 77ను 1.305 చేత గుణింపుడు: దాదాపు నూరు మీటర్లు వచ్చును. విద్యార్థి సంతోషించును. గురువు సంతోషింపరాదు.

ఏలయనగా ఆ నూరు మీటర్లు కేంద్రపు లోతే గాని పైకొస లోతు కాదు. బోరునకు కావలసినది పైకొస. సాంద్రతాభేదము 1.5 కాక 0.3 మాత్రమే గల ఏదో నాసిరాయి, 85.5 మీటర్ల వ్యాసార్ధముతో, అదే కేంద్రముతో ఉన్నదనుకొనుడు. దాని అధికద్రవ్యరాశి మొదటి గోళముతో సమానము. అది పైన కలిగించు అసంగతియు అడుగడుగునను, అంకెకు అంకె, సమానము. కాని దాని పైకొస 50 మీటర్ల లోతున కాక పదునాలుగున్నర మీటర్ల లోతుననే ఉండును. ఏ గ్రావిమీటరును, ఎంత సూక్ష్మమైనదైనను, ఈ రెంటిని వేరుపరచజాలదు. గోళాకారమను ఊహను కూడ విడిచిపెట్టినచో చిక్కు మరింత ముదురును: పైపైన పలుచగ పరచుకొని, అంచులకు పోను పోను సన్నగిల్లు కటకాకారపు పొర యొకటి అదే అసంగతిని కలిగింపగలదు. స్కీల్స్ అను శాస్త్రజ్ఞుడు 1947లో ఈ సందిగ్ధతను ఎత్తిచూపి వ్రాసిన వ్యాసము, అంకెల వెంట గ్రుడ్డిగా పరుగెత్తువారికి నేటికిని చదువదగినది.

అయితే ఈ విద్య నిష్ఫలమా? కాదు. మరల తోలుబొమ్మల తెర వైపునకే చూతము. చిరుగులంచు గల బొమ్మను తెరకు ఆనించి పట్టినను చెదరిన నీడయే పడును. కాని దూరముగనున్న బొమ్మ తేటయైన అంచును ఎన్నటికిని వేయలేదు. అనగా నీడ చెదరియున్నచో బొమ్మ దగ్గరనో దూరముననో చెప్పలేము. నీడ తేటగ ఉన్నచో, బొమ్మ ఇంతకంటె దూరముగ ఉండదని తప్పక చెప్పగలము. బాట్, స్మిత్ అను ఇరువురు ఈ భావమునకు 1958లో గణితరూపము కల్పించిరి. అసంగతి గరిష్ఠమును, అది అత్యంత వేగముగ మారుచోటి వాలుతో భాగించి, 0.86 చేత గుణించినచో వచ్చు సంఖ్యకంటె ఖనిజపు పైకొస లోతుగ ఉండజాలదు. ఒకే దిక్కున సాగిన పొడవైన రాశియైనచో 0.86కు మారుగ 0.65. షరతు ఒక్కటే: చుట్టునున్న శిలకంటె ఆ రాశి అంతటను బరువైనదే కావలెను, లేదా అంతటను తేలికైనదే కావలెను. మన గోళమునకు అత్యధికమైన వాలు, కేంద్రమునకు 50 మీటర్ల దూరమున, మీటరునకు 0.0045 మిల్లిగాల్. లెక్క వేసినచో పరిమితి నూరు మీటర్లు. మొదటి గోళపు పైకొస 50 మీటర్లది, రెండవదానిది పదునాలుగున్నర మీటర్లది; రెండును ఆ గీతకు పైననే ఉన్నవి. ఆకారము తెలియదు, సాంద్రత తెలియదు, అయినను ఈ వాక్యము అబద్ధము కాదు. బోరు వేయువానికి ఇంతకంటె ఉపకారమైన మాట మరి లేదు: నూరు మీటర్లు దాటినను బరువైన రాయి తగులకున్నచో ఇక యంత్రమును ఆపవచ్చును, లేదా మన కొలతలనే తిరిగి చూచుకొనవచ్చును.

లోతు విషయమున ఇంత లోభియైన గురుత్వాకర్షణ, బరువు విషయమున మహాదాత. గౌసు సిద్ధాంతము ప్రకారము, అసంగతిని నేలపై అంతట కూడి చూచినచో లోపలి అధికద్రవ్యరాశి, ఆకారముతోను లోతుతోను పనిలేక, నేరుగ వచ్చును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లిగాల్ అనగా దాదాపు 24 టన్నులు. మన గోళమునకు ఈ లెక్క 7 లక్షల 85 వేల టన్నుల ఆధిక్యమును చూపును. దానిని, ముగ్గురాయి సాంద్రతకును సాంద్రతాభేదమునకును గల నిష్పత్తియైన 2.8 చేత గుణించినచో 22 లక్షల టన్నుల ముగ్గురాయి. ఇందును ఒక ఉరి ఉన్నది. అసంగతి తోక చాల దూరము సాగును. సర్వేను కేంద్రమునుండి 200 మీటర్ల దూరమున ఆపివేసినచో బరువులో సగమునకు కొంచెము మించి మాత్రమే చేతికి వచ్చును. 500 మీటర్ల వరకు పోయినను 80 శాతమే. ఖనిజము ఉన్నంతమేరకే కొలుచు లోభపు సర్వేలు ఖనిజమును తక్కువగ చూపుటకు కారణమిదియే. శ్రద్ధగ చేసినచో ఫలితమెట్లుండునో కెనడాలోని యూకాన్ ప్రాంతమున ఫారో అను సీసము-తుత్తునాగముల నిక్షేపము చూపినది: ఆకర్షణను బట్టి కట్టిన అంచనా 4 కోట్ల 47 లక్షల టన్నులు; బోరుల పిమ్మట తేలినది 4 కోట్ల 67 లక్షలు. నూటికి అయిదు పాళ్లయినను తేడా లేదు.

లెక్కలోని మరొక బలహీనత నేపథ్యము. నిక్షేపపు అసంగతి అర మిల్లిగాల్. అది తేలియుండు ప్రాదేశిక క్షేత్రము పదులకొలది మిల్లిగాల్‌ల ఎగుడుదిగుళ్లు గలది. ఈ రెంటిని విడదీయు గీత, కంప్యూటరు గీచినను చేయి గీచినను, మనిషి తీర్పే. ఆ గీతను పదవవంతు మిల్లిగాల్ పైకి గీచితిమా, మన గోళపు సగపు వెడల్పు 77 నుండి 64 మీటర్లకు తగ్గి, కేంద్రపు లోతు నూరు మీటర్లు కాక 84 అగును. ఖనిజము కదలలేదు, మన కలము కదలినది. కడప బేసిను సంగతియే చూడుడు. అవక్షేపశిలలతో నిండిన పళ్లెము గనుక ఆకర్షణ తగ్గియుండవలెనని ఎవరైనను అనుకొందురు. కాని దాని నైరుతి భాగమున ఆకర్షణ పెరిగియున్నది. లోతున బరువైన క్షారశిల రాశి యొకటి చొచ్చుకొని వచ్చినదని భూభౌతికులు దానికి అర్థము చెప్పిరి. అట్టి నేపథ్యము క్రింద పరచుకొనియున్న సీమలో ఒక చిన్న ఖనిజపు ముద్దను వెదకువాడు ఆ గీతను ఎంత జాగ్రత్తగ గీయవలెనో చెప్పనక్కరలేదు.

గోదావరి లోయ దీనికి తారుమారు. సింగరేణి బొగ్గును తనలో దాచుకొన్న గోండ్వాన పరుపులు తేలికైనవి గనుక, లోయ పొడవునను ఆకర్షణలో లోపము కనబడును; 1968లో ఖురేషీ ప్రభృతులు దానిని బట్టియే ఆ లోయను భూమి పగిలి క్రుంగిన గర్తముగ వర్ణించిరి. ఇట్టి బేసినులలో లోతును కట్టుటకు పూర్వులు సాంద్రతాభేదమును అంతటను ఒక్కటిగ తీసికొనెడివారు. కాని అడుగుకు పోయినకొలది పైబరువుచే ఇసుకరాయి బిగిసి, క్రిందనున్న గట్టిశిలతో భేదము తగ్గిపోవును. దీనిని గణింపనివాడు లోతును తక్కువగ కట్టును. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన డి. భాస్కరరావు 1986లో సాంద్రతాభేదము లోతుతోపాటు వర్గసమీకరణము చొప్పున మారునట్లు తీసికొని బేసినుల లోతును గుణించు పద్ధతిని ప్రకటించిరి. అదే విశ్వవిద్యాలయమున ఐ. వి. రాధాకృష్ణమూర్తి చేసిన పరిశ్రమకు ఫలమైన గురుత్వ, అయస్కాంత వ్యాఖ్యానగ్రంథము 1998లో భారత భూవిజ్ఞాన సంఘపు ప్రచురణగ వెలువడినది. విశాఖపట్టణపు సముద్రపు గాలిలో పుట్టిన ఈ గణితము విదేశపు పత్రికలలో చదువబడుచున్నది. మన తెలుగు పాఠ్యపుస్తకములలో మాత్రము దాని ఊసు లేదు. ఇది నాకు సమంజసముగ తోచదు.

సిద్ధాంతము తప్పినను ఖనిజము దొరకిన సందర్భము కూడ ఒకటి చెప్పవలెను, లేనిచో నేను చెప్పినది ఏకపక్షమగును. దక్షిణ ఆస్ట్రేలియాలోని రాక్స్‌బీ డౌన్స్ గొర్రెల మేతభూమిలో, 1975లో వెస్టరన్ మైనింగ్ కార్పొరేషనువారు ఆకర్షణయు అయస్కాంతత్వమును ఒకేచోట ఉబ్బియున్న తావున బోరు వేసిరి. లోపల బసాల్టు శిల ఉండుననియు, అది రాగిని వదలియుండుననియు వారి ఊహ. ఆ ఊహించిన చోట బసాల్టు లేదు. సుమారు 350 మీటర్ల శిలాచ్ఛాదనము క్రింద వారికి తగిలినది హెమటైటుతో నిండిన చూర్ణశిల, అందు రాగి. అదియే నేటి ఒలింపిక్ డ్యామ్, లోకములోని మహానిక్షేపములలో నొకటి. బరువు ఉన్నదని ఆకర్షణ చెప్పిన మాట నిజమైనది. ఆ బరువు ఏమిటో మనుష్యులు చెప్పిన మాట తప్పినది. దక్షిణ పోర్చుగల్‌లోని నెవెస్-కోర్వో నిక్షేపమును కూడ, 300 మీటర్లకు మించిన లోతున, 1977లో గురుత్వ అసంగతియే పట్టి యిచ్చినది.

నేడు విమానములలో నెగురుచు ఆకర్షణపు వాలును కొలుచుచున్నారు. 1999 నుండి ఆ పద్ధతి ఖనిజాన్వేషణమున వాడుకలోనున్నది. కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు మీట నొక్కినచో భూగర్భపు నిలువుకోత ఎరుపు, పసుపు, నీలవర్ణములతో తెరపై వెలయును. ఆ చిత్రములు కన్నులపండువుగనే యుండును. కాని అందు ఎరుపుగ కనబడు ముద్ద అచ్చట ఉన్నందున కనబడుట లేదు. ఉండదగిన అనేక రూపములలో నునుపైనదానిని ఎన్నుకొమ్మని మనము యంత్రమును ఆజ్ఞాపించినందున కనబడుచున్నది. ‘పైకొస లోతు 86.4 మీటర్లు’ అని దశాంశముతో సహా వ్రాసిన నివేదికలను నేను చాల చదివితిని. ఆ దశాంశమునకు ఆధారమేమని అడిగినచో సమాధానము వచ్చినది మాత్రము అరుదు. ‘ఇంతకంటె లోతున లేదు, ఆకారము ఇట్లున్నచో ఇంత, అట్లున్నచో ఇంత’ అని వ్రాసినవాని నివేదిక అందముగ లేకపోవచ్చును. యజమాని డబ్బును కాపాడునది అదియే.

చివరగా యువకులకు రెండు విన్నపములు. సర్వేకు పోయినపుడు రాతిముక్కలను ఊరక సంచిలో వేసికొని రాకుడు; ఒక్కొక్కదానిని గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచి, నీటిని పీల్చుకొను రాయియైనచో బాగుగ నానిన పిమ్మట తూచి, సాంద్రతను అదే దినమున పుస్తకమున వ్రాసికొనుడు. నేను చెప్పిన లెక్కలన్నియు ఆ ఒక్క అంకెపై ఆధారపడినవి. దానిని పుస్తకమునుండి ఎరువు తెచ్చుకొన్నవాని లోతులన్నియు ఎరువు లోతులే. రెండవది, అసంగతి చూచి వేసిన బోరు వట్టిదైనపుడు ఆ బోరు లోతును, అందు దొరకిన శిలల సాంద్రతలను, ఎక్కడ ఊహ తప్పినదో దానిని, ఫలించిన బోరుల వివరములతోపాటు ప్రచురింపుడు. గనుల శాఖలవారును, విశ్వవిద్యాలయములవారును కలిసి తెలుగు నేలపై వేసిన ఇట్టి బోరులన్నిటికిని ఒక పట్టికను సిద్ధపరచి, అడిగిన విద్యార్థి కెల్ల అందుబాటున ఉంచవలెనని, ఈ నిధి నిర్వాహకులు ఆ పనికి పూనుకొన్నచో నాకు చేతనైన సాయము నేనును చేయుదునని మనవి చేయుచున్నాను.